హీట్ ఎక్కుతోందని తెచ్చిన బండి, చల్లగా ఉందన్న కోడ్

మే నెల ఎండల్లో మా గుంటూరు షెడ్‌కి వచ్చిన బండి ఇది. 2017 మోడల్ పెట్రోల్ సెడాన్, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, బీఎస్4, లక్ష కిలోమీటర్లు దాటింది. ఓనర్ మిర్చి వ్యాపారి. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా హైదరాబాద్ తరచూ తిరుగుతుంటారు. ఆయన చెప్పింది ఒక్కటే: "హైవే మీద హీట్ ఎక్కుతోందండీ. దాచేపల్లి దాటేసరికి ఎర్ర లైట్. ఏసీ ఆపితే తగ్గుతుంది."

ఈ బండికి టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉంటే నీలం లైట్, మరీ వేడెక్కితే ఎర్ర లైట్, మధ్యలో ఏమీ ఉండదు. అంటే 80 డిగ్రీల దగ్గరున్నా 105 దగ్గరున్నా డ్రైవర్‌కి తేడా తెలియదు. ముల్లు ఉన్న బండ్లూ పెద్ద నయమేం కాదు. చాలావాటిలో మామూలు వేడి దాటినా ముల్లు మధ్యలోంచి కదలకుండా కంపెనీవాళ్లే సెట్ చేసి పెడతారు. అందుకే కూలింగ్ కంప్లయింట్ వస్తే నేను ముందు డాష్‌బోర్డ్ వైపు కాకుండా, బండి కంప్యూటర్‌కి తగిలించి అంకెలు చదివే స్కాన్ టూల్‌లో లైవ్ డేటా వైపు చూస్తాను.

టూల్ పెట్టకముందు పాత కథ కొంచెం కదిలించాను. పోయిన ఎండాకాలంలో మొదట వచ్చిన గొడవ హైవే మీద కాదు, ఊళ్లో ట్రాఫిక్‌లో. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్ర లైట్ వచ్చేదట. ఒక షెడ్‌లో ఏదో వాల్వ్ తీసేసి, "మన ఎండలకి దీంతో పనిలేదు" అన్నారు. అయినా తగ్గలేదు. ఇంకోచోట ఎలక్ట్రీషియన్ ఫ్యాన్ డైరెక్ట్ చేసి (నేరుగా కరెంటు ఇచ్చి), స్టీరింగ్ కింద ఒక స్విచ్ పెట్టాడు. ట్రాఫిక్ గొడవ తగ్గింది. చలికాలంలో నీలం లైట్ చాలాసేపటికి గానీ ఆరేది కాదు, మైలేజీ కూడా పడిపోయింది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే "అది సెన్సార్ లైట్, పట్టించుకోవద్దు" అన్నారట. ఇప్పుడు ఎండలు ముదిరాక హైవే మీద హీట్. ఆయన ఇవన్నీ వేరువేరు రిపేర్లు అనుకుని చెబుతున్నారు. నాకు అది ఒకే రిపేరు వరసగా పాడవుతూ వచ్చినట్టు వినిపించింది.

బండి రాత్రి షెడ్‌లోనే ఉంచమన్నాను. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా రెండు అంకెలు చూశాను. కూలెంట్ టెంపరేచర్ 30, ఇన్‌టేక్ గాలి టెంపరేచర్ 31. షెడ్‌లో వేలాడే థర్మామీటర్ కూడా 30 చూపిస్తోంది. మూడూ కలిశాయి కాబట్టి చల్లటి ఇంజిన్ దగ్గర సెన్సార్ అబద్ధం చెప్పడం లేదు. వేడి మీద కూడా నిజమే చెబుతోందా అన్నది తర్వాత, ముట్టుకోకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో సరిచూసుకున్నాను. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాలు కూడా పట్టదు. దీన్ని వదిలేసి సెన్సార్లు మార్చేవాళ్లని చూస్తే నాకు చిరాకు. ఈ సెన్సార్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. వైరు తెగితే ఇంజిన్ కంప్యూటర్ అయిన ఈసీఎం‌కి అది గడ్డకట్టే చలిలా కనిపిస్తుంది, టూల్‌లో -40 వస్తుంది. కొన్ని బండ్లలో ఈసీఎం ఆ అంకెని నమ్మకుండా తనే ఒక విలువ అనుకుని, ఫ్యాన్‌ని ఆపకుండా తిప్పుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

తర్వాత ఈసీఎం రాసి పెట్టుకున్న తప్పుల కోడ్‌లు. మా కుర్రాడు చదివి, "అన్నా, హీట్ కోడ్ ఏమీ లేదు. పీ0128 ఒక్కటే ఉంది" అన్నాడు. పీ0128 అంటే ఇంజిన్ థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచి మూసే వాల్వ్) పనిచేసే వేడికి చేరడం లేదని. బండి హీట్ ఎక్కుతోందని మనిషి గోల పెడుతుంటే, ఇంజిన్ చల్లగా ఉందని కోడ్ చెబుతోంది. కోడ్ పడిన క్షణంలోని అంకెలు దాచి ఉంచే ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిస్తే అప్పటి పరిస్థితి కనిపించింది. గంటకి 60 కిలోమీటర్ల స్పీడు, కూలెంట్ 66 డిగ్రీలు, బయటి గాలి 22. అంటే అది చలికాలం పొద్దుటి కోడ్. ఆయన చెప్పిన నీలం లైట్ సంగతితో సరిపోయింది.

చాలామంది ఈ దశలో "కోడ్‌కీ కంప్లయింట్‌కీ సంబంధం లేదు" అని కోడ్ చెరిపేస్తారు. నేను చెరపలేదు. ఒకే ఇంజిన్ తేలిక పనిలో చల్లగా, బరువు పనిలో వేడిగా నడుస్తోందంటే వేడిని అదుపులో పెట్టాల్సిన భాగమే అక్కడ లేదేమో అన్న అనుమానం రావాలి. తీసేసిన "ఏదో వాల్వ్" ఏమిటో నాకు దాదాపు అర్థమైంది. అయినా విప్పలేదు. విప్పితే థర్మోస్టాట్ లేదని తెలుస్తుందే గానీ అది ఒక్కటే కారణమా కాదా అన్నది తెలియదు.

ఇంజిన్ స్టార్ట్ చేసి గ్రాఫ్ పెట్టాను. ఇక్కడ ఒక చిన్న మాట. లైవ్ డేటాలో ఉన్న పారామీటర్లన్నీ టిక్ పెడితే టూల్ మెల్లగా అప్‌డేట్ అవుతుంది, గ్రాఫ్ మెట్లు మెట్లుగా వస్తుంది. నేను పెట్టుకున్నవి కూలెంట్ టెంపరేచర్, బండి స్పీడు, ఇంజిన్ లోడ్, ఫ్యాన్ లో కమాండ్ (తక్కువ స్పీడుకి ఈసీఎం ఇచ్చే ఆర్డర్), ఫ్యాన్ హై కమాండ్ (ఎక్కువ స్పీడుకి), ఏసీ కంప్రెసర్ కమాండ్. అంతే. ఆన్‌లైన్‌లో కొనే చిన్న బ్లూటూత్ ముక్కలో కూలెంట్ టెంపరేచర్, స్పీడు, లోడ్ వస్తాయి, అవి అన్ని కంపెనీలకీ ఒకటే. ఫ్యాన్ కమాండ్ మాత్రం ఆ కంపెనీ డేటా ఉన్న టూల్‌లోనే కనిపిస్తుంది. కూలింగ్ పనికి ఆ ఒక్క లైన్ లేకపోతే సగం కథ పోతుంది.

థర్మోస్టాట్ బాగున్న ఇంజిన్ గ్రాఫ్ చూడగానే తెలిసిపోతుంది. సాఫీగా 80 దాటేదాకా ఎక్కుతుంది, వాల్వ్ తెరుచుకోగానే రేడియేటర్‌లో చల్లటి కూలెంట్ ఒక్కసారిగా వచ్చి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఈ బండిలో ఆ దిగడం లేదు. 60 దాకా ఎక్కి, అక్కణ్నుంచి పాకుతూ పోయి 73 దగ్గర ఆగిపోయింది. మొదటి నిమిషాల నుంచే రేడియేటర్ పై పైపు గోరువెచ్చగా ఉంది. ఇంజిన్ వేడెక్కేదాకా ఆ పైపు చల్లగా ఉండాలి.

ఇంకో విషయం. టూల్‌లో ఫ్యాన్ లో ఆఫ్, ఫ్యాన్ హై ఆఫ్. ఎదురుగా ఫ్యాన్ మాత్రం హోరుమని తిరుగుతోంది. ఈసీఎం తిప్పమనలేదు, స్విచ్ వైరు తిప్పుతోంది. స్కాన్ టూల్‌లో కనిపించేది ఈసీఎం ఇచ్చిన ఆర్డర్ మాత్రమే. ఆ పని జరిగిందా లేదా అన్నది దానికీ తెలియదు, టూల్‌కీ తెలియదు. మనమే వెళ్లి చూడాలి. ఈ కేసు మొత్తం ఈ ఒక్క తేడా చుట్టూనే తిరిగింది.

స్టీరింగ్ కింది స్విచ్ ఆపాను. 73 దగ్గర కూర్చున్న గ్రాఫ్ మెల్లగా లేచి 96 దగ్గరికి వచ్చింది. ఫ్యాన్ లో కమాండ్ ఆన్ అయింది, ఫ్యాన్ తిరిగింది. బాగుంది. ఏసీ వేసి, ఇంజిన్ రేస్ కొంచెం పెంచి పట్టుకున్నాం. 101 దాటగానే ఫ్యాన్ హై కమాండ్ ఆన్ అయింది. ఫ్యాన్ మోతలో మాత్రం ఏ మార్పూ లేదు. టెంపరేచర్ 104కి వెళ్లింది. అక్కడితో ఆపేశాను.

పోయినేడు ట్రాఫిక్‌లో ఎర్ర లైట్ ఎందుకొచ్చిందో ఇక్కడే తేలింది. ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, టూల్‌లోని యాక్టుయేటర్ టెస్ట్‌తో ఫ్యాన్‌ని నడిపించాను. లో అంటే తిరిగింది. హై అంటే ఫ్యూజ్ బాక్స్‌లో రిలే (ఈసీఎం ఆర్డర్‌తో ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్) టక్కుమంది, ఫ్యాన్ కదల్లేదు. టక్కుమన్న శబ్దం వచ్చిందంటే ఈసీఎం, దాని వైరు, రిలే కాయిల్ మూడూ బాగున్నట్టే. మల్టీమీటర్ పెడితే రిలే 30 నంబరు పిన్‌కి బ్యాటరీ వోల్టేజీ వస్తోంది. టక్కుమన్నాక 87 నంబరు పిన్ దగ్గర సున్నా. రిలే పీకి చూస్తే సాకెట్ ప్లాస్టిక్ ముదురు గోధుమ రంగుకి మారింది. లోపల కాంటాక్ట్ కాలిపోయింది.

మరి కోడ్ ఎందుకు రాలేదు? ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌కి పీ0480 లాంటి కోడ్‌లు ఉన్నాయి కదా అని మా కుర్రాడు అడిగాడు. ఈసీఎం కనిపెట్టి చూసేది రిలే కాయిల్ వైపే. కాయిల్ తెగినా, ఆ వైరు ఎర్త్ అయినా కోడ్ వస్తుంది. కాంటాక్ట్ కాలిపోయినా, ఫ్యాన్ మోటారు చచ్చిపోయినా, కనెక్టర్ కరిగిపోయినా ఇలాంటి బండ్లలో ఈసీఎంకి కబురు అందదు. తన ఆర్డర్ వెళ్లింది, తన పని అయిపోయింది. కోడ్ లేదు కాబట్టి ఫ్యాన్ బాగుందన్న మాట నేను నా షెడ్‌లో ఎవర్నీ అననివ్వను.

రెండు మూడు వందల రిలే, ఒక సాకెట్ టెర్మినల్. పోయిన ఏడాది అక్కడే ఆగాల్సిన పని అది.

కానీ ఇప్పుడు ఆయన కంప్లయింట్ ట్రాఫిక్ గురించి కాదు. హైవే మీద గంటకి 90, 100లో వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌కి సరిపోతుంది, ఫ్యాన్ పాత్ర తక్కువ. ఆగినప్పుడు హీట్ ఎక్కి పరుగులో తగ్గితే ఫ్యాన్ వైపు చూడాలి. పరుగులో ఎక్కి నెమ్మదిస్తే తగ్గితే కూలెంట్ ప్రవాహం, రేడియేటర్, ఇంజిన్ లోపలి వేడి వైపు చూడాలి. అందుకే మధ్యాహ్నం రెండింటికి, బండి వచ్చింది వచ్చినట్టే స్విచ్ ఆన్ చేసి, టూల్‌లో రికార్డింగ్ పెట్టి, చిలకలూరిపేట వైపు 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. నేను నడిపాను, కుర్రాడు టూల్ పట్టుకున్నాడు. నడిపేవాడు స్క్రీన్ చూడకూడదు, అందుకే రికార్డింగ్.

తిరిగొచ్చాక చూస్తే గ్రాఫ్ చక్కగా మాట్లాడింది. ఊరు దాటేటప్పుడు 84. వంద స్పీడులో ఏసీ మీద మెట్టు మెట్టుగా 90, 97, 103, 108. ఇంకొంచెం ఎక్కగానే ఈసీఎం కంప్రెసర్ కమాండ్ ఆఫ్ చేసింది. ఎర్ర లైట్ రాకముందే ఏసీలో వేడి గాలి వస్తుందని కూడా ఆయన అన్నారు, దానికి కారణం ఇదే. ఏసీ గ్యాస్ తక్కువైందని ఇలాంటి బండికి గ్యాస్ నింపి పంపినవాళ్లు కూడా ఉంటారు. స్పీడు 60కి తగ్గించగానే టెంపరేచర్ గబగబా దిగింది.

ఇంజిన్ లోడ్ లైన్, టెంపరేచర్ లైన్ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. లోడ్ పెరిగితే అది పెరిగింది, తగ్గితే తగ్గింది. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య సీలు) పోయిన బండ్లలో నేను చూసే గ్రాఫ్ ఇంత బుద్ధిగా ఉండదు. గ్యాస్ బుడగలు సెన్సార్ మీదికి వచ్చినప్పుడల్లా అంకె ఎగిరి పడుతుంటుంది. అయినా గ్రాఫ్ మీద నమ్మకంతో వదిలేసే విషయం కాదిది. గాస్కెట్ పరీక్షకి వాడే నీలం ద్రవం పెట్టి చూశాను, పసుపు రంగుకి మారలేదు. చల్లారాక ప్రెషర్ టెస్టర్ పెడితే ఒత్తిడి నిలబడింది. రేడియేటర్ మూత కూడా తన ఒత్తిడి పట్టుకుంటోంది. హెడ్ విప్పే ఆలోచన అక్కడితో పోయింది.

ఇక్కడ స్కాన్ టూల్ పని కాసేపు ఆగుతుంది. దానికి ఉన్నది ఒకే ఒక్క కొలత, సెన్సార్ బిగించిన చోటి వేడి. రేడియేటర్‌లోకి ఎంత వేడి వెళ్తోంది, ఎంత చల్లబడి వస్తోంది అన్నది దానికి కనపడదు. ఇంజిన్ బాగా వేడి మీద ఉండగా 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి, ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పై పైపు, కింది పైపు చూశాను. మెరిసే అల్యూమినియం మీద గన్ తప్పుడు అంకె చూపిస్తుంది. రబ్బరు పైపు మీదో, నల్ల టేపు అంటించిన చోటో కొట్టాలి. పై పైపు 98, కింది పైపు 66. ముప్పై డిగ్రీలకి పైగా తేడా. చూడ్డానికి రేడియేటర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టు ఉంటుంది. అసలు సంగతి వేరు. అంత తేడా వచ్చిందంటే కూలెంట్ రేడియేటర్‌లో బాగా నెమ్మదిగా కదులుతోంది, అంటే తక్కువ వెళ్తోంది. వెళ్లిన కాస్తా బాగా చల్లబడుతోంది, అంతే. ప్రవాహం బాగుండి రేడియేటర్ ఫిన్‌ల (పలుచటి రేకుల) మధ్య గాలి ఆడకపోతే రెండు పైపుల మధ్య తేడా తగ్గుతుంది.

ప్రవాహం ఎందుకు తగ్గింది? పంపు అరిగి ఉండొచ్చు, బెల్టు జారుతుండొచ్చు, రేడియేటర్ లోపల బోరునీళ్ల ఉప్పు పేరుకుని ఉండొచ్చు. మా వైపు బోరునీళ్లు పోయించుకున్న రేడియేటర్లు లోపల తెల్లగా గట్టిపడి దొరకడం మామూలే. ఇవన్నీ విప్పేముందు చవకైనది విప్పాలి కాబట్టి థర్మోస్టాట్ హౌసింగ్ తీశాను. అనుకున్నట్టే లోపల ఖాళీ. రబ్బరు రింగు మాత్రం ఉంది.

"మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదు" అన్నది తరం నుంచి తరానికి వస్తున్న మాట. పాత ఇంజిన్లలో తీసేస్తే వేడెక్కడం ఆలస్యమయ్యేది, పెట్రోలు ఎక్కువ తాగేది, అంతకు మించి పెద్ద నష్టం కనిపించేది కాదు. ఈ ఇంజిన్‌లో వాల్వ్‌కి రెండు పళ్లేలు ఉంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పై పళ్లెం రేడియేటర్ దారి మూసేసి, బైపాస్ దారి తెరిచి ఉంచుతుంది, కూలెంట్ ఇంజిన్‌లోనే తిరుగుతుంది. వేడెక్కాక వాల్వ్ లోపలి మైనం కరిగి పళ్లేలు రెండూ జరుగుతాయి. రేడియేటర్ దారి తెరుచుకుంటుంది, కింది పళ్లెం బైపాస్‌ని మూసేస్తుంది. వాల్వ్ మొత్తం తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. పంపు తోసిన కూలెంట్ సులువైన దారి చూసుకుంటుంది కదా, అందులో ఎక్కువ భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే వేడివేడిగా మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. చలికాలం పొద్దున రేడియేటర్‌కి వెళ్లే ఆ కొంచెం కూడా ఎక్కువే కాబట్టి ఇంజిన్ 66 దగ్గర వణికింది. మే నెల మధ్యాహ్నం, వంద స్పీడు, ఏసీ, ఆ కొంచెం ఏ మూలకీ చాలలేదు. పీ0128కీ ఎర్ర లైట్‌కీ తల్లి ఒకటే.

కొత్త థర్మోస్టాట్ మీద 82 అని ఉంది. గిన్నెలో నీళ్లు కాచి థర్మామీటర్ పెట్టి, వాల్వ్ దారానికి వేలాడదీసి చూశాం. 82, 83 మధ్య తెరుచుకోవడం మొదలైంది. కొత్తదాన్ని కూడా ఇలా చూడకుండా బిగించను, డూప్లికేట్లు అంతలా ఉన్నాయి మార్కెట్‌లో. రిలే, సాకెట్ టెర్మినల్ మార్చాం. డైరెక్ట్ వైరు పూర్తిగా పీకేశాం. పీకేముందు కుతూహలం కొద్దీ కొలిచాను. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు ఉంటే, ఆ సన్న వైరు, స్విచ్, చేత్తో మెలితిప్పిన జాయింట్లు దాటి ఫ్యాన్ దగ్గరికి వచ్చేది 11.6. హోరుమన్నంత మాత్రాన అది హై స్పీడ్ కాదు. స్టీరింగ్ కింద ఫ్యూజ్ కూడా లేకుండా ఆ కరెంటు లాగడం గురించి ఇంకేం చెప్పాలి.

పాత కూలెంట్ వదిలేసి, కలిపి అమ్మే కొత్త కూలెంట్ పోసి, గాలి తీశాం. గాలి తీసేటప్పుడు కూడా గ్రాఫ్ నడుస్తూనే ఉంది. అంకె ఉన్నట్టుండి పది డిగ్రీలు పడి లేస్తే సెన్సార్ దగ్గర గాలి ఉన్నట్టు. సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే దాని మాటకి విలువ. గీత సాఫీ అయ్యేదాకా ఓపిక పట్టాం.

మర్నాడు అదే రోడ్డు, అదే టైము, అదే స్పీడు, ఏసీతో. ఈసారి 92 నుంచి మొదలై 103 దాకా వచ్చి నిలబడింది. కంప్రెసర్ కట్ కాలేదు. బండి ఇచ్చేయొచ్చు, ఆయన కూడా సంతోషిస్తారు. నాకు ఆ 103 నచ్చలేదు. ఈ ఇంజిన్ పరుగులో వంద లోపే ఉండాలి. మళ్లీ గన్‌తో పైపులు చూస్తే ఈసారి తేడా తారుమారైంది. పై పైపు 101, కింది పైపు 93. ప్రవాహం వచ్చింది, గాలి చాలడం లేదు.

ముందు నుంచి చూస్తే ఏసీ కండెన్సర్ శుభ్రంగా ఉంది, ఎవరో నీళ్లు కొట్టించారు. అసలు చెత్త కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య ఇరుకులో ఉంటుంది. పై బ్రాకెట్లు విప్పి రేడియేటర్‌ని కాస్త వెనక్కి వంచాం. పత్తి పింజలు, పురుగులు, దుమ్ము కలిసి రేడియేటర్ కింది మూడో వంతు మీద దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. పత్తి లారీల వెనక తిరిగే బండ్లన్నిటికీ ఇదే బాధ. ప్రెషర్ గన్ వాడలేదు, ఫిన్‌లు వంగిపోతాయి. మెత్తటి బ్రష్‌తో తీసి, ఇంజిన్ వైపు నుంచి ముందుకి మామూలు పైపు నీళ్లు కొట్టాం. ఈ పని చేసిన తర్వాత అదే రోడ్డు మీద ఎక్కువలో ఎక్కువ 97. ఆగి ఉండి ఏసీ నడిస్తే 95, 102 మధ్య ఊగుతూ, ఫ్యాన్ హై వచ్చిన ప్రతిసారీ మోత మారి టెంపరేచర్ దిగింది. ఆర్డర్, పని రెండూ కలిసిన మొదటి గ్రాఫ్ అది. సేవ్ చేసి పెట్టుకున్నాను. వచ్చే ఏడు ఆ బండే వస్తే పోల్చి చూసుకోవడానికి ఉంటుంది.

పీ0128 అప్పుడు చెరిపాను. ఇంజిన్ మళ్లీ చల్లబడి, రోడ్డు మీద మామూలుగా నడిచి, ఈసీఎం తన పరీక్ష తను పూర్తి చేసుకోవాలి. కాబట్టి ఒక వారం మామూలుగా తిప్పి లైట్ వస్తే చెప్పమన్నాను. రాలేదు.

బండి తీసుకెళ్లేటప్పుడు ఆయన స్విచ్ కోసం వెతుక్కున్నారు. "అదుంటే ధైర్యంగా ఉండేదండీ" అన్నారు. ఇక అవసరం లేదని టూల్‌లో ఫ్యాన్ కమాండ్ వచ్చేదాకా పక్కన కూర్చోబెట్టి చూపించాను. ఒక సంగతి మాత్రం బిల్లు మీదే రాసిచ్చాను. ఏడాదిగా తాళం తిప్పిన దగ్గర్నుంచీ ఆగకుండా తిరిగిన ఆ ఫ్యాన్ మోటారు బుష్‌లు కొంచెం ఆడుతున్నాయి. ఇప్పటికి పనిచేస్తోంది, వచ్చే మార్చిలో ఎండలు మొదలవకముందే మార్చుకోవాలి. అది ఆగిపోయినా కోడ్ రాదు కాబట్టి అప్పటిదాకా ఏసీ వేసి ఆగినప్పుడు ఫ్యాన్ మోత వింటూ ఉండమన్నాను.